గుస్తావ్ లె గ్రే

గుస్తావ్ లె గ్రే (ఆగష్టు 30, 1820 - జూలై 30, 1884) ఫ్రాన్సు దేశానికి చెందిన సుప్రసిద్ధ ఛాయాగ్రాహకుడు. ఆకాశానికి ఒకటి, సముద్రానికి ఒకటి చొప్పున వేర్వేరుగా తీసిన రెండు నెగటివులను ఒకే చిత్రముగా ముద్రించి ఈయన ప్రఖ్యాతి పొందాడు. పలు ఎక్స్‌పోజర్లతో తీసిన ఛాయాచిత్రాలను సాఫ్టువేరు సహాయముతో మేళవించే నేటి విధానానికి ఈ పద్ధతిని పూర్వరూపముగా పేర్కొంటారు.

తొలి జీవితము

లె గ్రే పారిస్ సమీపములోని విలియె-ల-బెల్‌లో జన్మించాడు. పాల్ దెలరోష్ వద్ద చిత్రలేఖనము అభ్యసించి, పిమ్మట ఛాయాగ్రహణము చేపట్టాడు. 1851లో మైనము పట్టించిన కాగితపు నెగటివు విధానాన్ని వెల్లడించాడు. అదే సంవత్సరము ఫ్రాన్సులోని ప్రాచీన కట్టడాలను చిత్రించుటకు ప్రభుత్వ సంఘము నియమించిన ఐదుగురు ఛాయాగ్రాహకులలో ఈయన ఒకడు.

రెండు నెగటివుల పద్ధతి

ఆ కాలములో గాజు పలకపై పూసే కలోడియన్ పూత నీలి కాంతికి అతిగా స్పందించేది. నేలకు లేదా నీటికి చాలినంత ఎక్స్‌పోజరు ఇచ్చేసరికి ఆకాశము మేఘాలు కనిపించని తెల్లని పట్టీగా ముద్రితమయ్యేది. ఎక్స్‌పోజరు తగ్గిస్తే మేఘాలు నిలిచేవి కాని, క్రింది భాగము నల్లబడేది. అందువలన లె గ్రే రెండింటినీ వేర్వేరు నెగటివులపై తీసి, క్షితిజరేఖ వద్ద అతుకు కలిసేటట్లు ఒకే కాగితముపై ముద్రించాడు. 1857లో సెట్ తీరాన తీసిన "పెను కెరటము" ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఒకే ఆకాశాన్ని ఒకటికి మించిన చిత్రాలలో వాడిన సందర్భాలు కూడా ఉన్నాయి. అయితే ఈయన సముద్ర దృశ్యాలన్నీ ఈ విధముగా చేసినవి కావు. 1856లో లండనులో ప్రదర్శింపబడి పేరు తెచ్చిన ఓడ చిత్రము ఒకే నెగటివు నుండి ముద్రించినది.

చివరి జీవితము

కీర్తి వచ్చినా వ్యాపారము నిలువలేదు. చవకైన చిన్న రూపచిత్రాలకు గిరాకీ పెరిగిన రోజులలో ఈయన పెద్ద చిత్రాలనే శ్రద్ధగా ముద్రించేవాడు. 1860లో పారిస్‌లోని స్టూడియో మూతపడింది. భార్యాబిడ్డలను విడిచి, రచయిత అలెగ్జాండర్ డ్యూమాతో కలిసి మధ్యధరా సముద్ర యాత్రకు బయలుదేరాడు. పలెర్మోలో గారిబాల్డీని చిత్రించాడు. తరువాత మాల్టాలో డ్యూమా బృందము నుండి వేరుపడ్డాడు. అనంతరము ఈజిప్టు చేరి, కైరోలో చిత్రలేఖనము బోధిస్తూ జీవించి, స్వదేశానికి తిరిగి వెళ్ళకుండానే 1884లో మరణించాడు.

1999లో లండను వేలములో "పెను కెరటము" ప్రతి ఒకటి 5 లక్షల పౌండ్లకు పైగా ధర పలికి, ఛాయాచిత్రాలలో అప్పటికి రికార్డు నెలకొల్పింది.