హాస్కెల్ కరీ: ప్రోగ్రామింగ్ భాషకు పేరైన తర్కవేత్త

హాస్కెల్ బ్రూక్స్ కరీ 1916లో హార్వర్డ్‌లో చేరింది డాక్టర్ కావాలని. పుట్టింది 1900 సెప్టెంబరు 12న, మసాచుసెట్స్‌లోని మిల్లిస్‌లో. తల్లిదండ్రులు బోస్టన్‌లో వక్తృత్వం నేర్పే విద్యాలయం నడిపేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగాక ఆయన వైద్యం వదిలి గణితం పట్టారు. 1920లో డిగ్రీ, ఆ తర్వాత కొన్నాళ్లు ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, మరికొన్నాళ్లు భౌతికశాస్త్రం, తిరిగి గణితం. కుదురు లేని చదువులా కనిపిస్తుంది కానీ, 1922లోనే ఒక ప్రశ్న ఆయన్ను పట్టుకుంది. రసెల్, వైట్‌హెడ్‌ల ప్రిన్సిపియా మేథమేటికాలో మిగతా నియమాలన్నీ సరళంగా ఉంటే, చరరాశి స్థానంలో మరొకటి పెట్టే నియమం ఒక్కటే ఎందుకంత చిక్కుగా ఉంది? దాన్ని ఇంకా చిన్న ముక్కలుగా విడగొట్టలేమా?

విడగొట్టవచ్చని ఆయనకు తోచింది. అయితే 1927లో ప్రిన్స్‌టన్‌లో పాఠాలు చెబుతుండగా మోజెస్ షోన్‌ఫింకెల్ 1924 నాటి వ్యాసం కంటపడింది. తన ఆలోచన అప్పటికే అచ్చయిపోయింది! కరీ ఆ దారి వదల్లేదు. గాటింగెన్ వెళ్లి, హిల్బర్ట్ వద్ద 1930లో డాక్టరేట్ పొందారు. అనేక విలువలు తీసుకునే ఫంక్షన్‌ను ఒక్కొక్కటిగా తీసుకునే ఫంక్షన్ల వరుసగా మార్చడాన్ని ఇప్పుడు కరీయింగ్ అంటారు. మన కూరతో దానికి సంబంధం లేదు. నిజానికి ఆ పద్ధతి షోన్‌ఫింకెల్‌ది. ఆ మాట కరీయే ఒప్పుకున్నా, పేరు మాత్రం ఆయనకే అతుక్కుంది.

పెన్సిల్వేనియా స్టేట్ కాలేజీలో 1929లో ఉద్యోగం మొదలైంది. 1934లో వచ్చిన వ్యాసంలో ఆయన, ప్రతి ఫంక్షన్ ఏ రకం వస్తువును తీసుకుని ఏ రకం వస్తువును ఇస్తుందో చెప్పే పద్ధతి ప్రతిపాదించారు. టైపుల సిద్ధాంతానికి మూలాల్లో అదొకటి. మరుసటి ఏడాదే దెబ్బ తగిలింది. క్లీనీ, రోసర్ అనే ఇద్దరు యువకులు ఆయన తర్కవ్యవస్థలో వైరుధ్యం ఉందని నిరూపించారు. ఇంకొకరైతే రంగమే మార్చేవారేమో. కరీ ఆ వైరుధ్యాన్నే తవ్వుతూ కూర్చుని, 1942లో దాన్ని చాలా చిన్న రూపానికి తెచ్చారు. ఈ వాక్యం నిజమైతే చంద్రుడు వెన్నముద్ద అని ఒకరన్నారనుకోండి. మామూలు తర్కంతోనే చంద్రుడు వెన్నముద్దేనని తేలిపోతుంది. ఒక ఫంక్షన్‌ను దానికే అప్పగించే స్వేచ్ఛ ఉంటే ఇలాంటివి తప్పవు. టైపులు అడ్డుకునేది ఆ స్వేచ్ఛనే.

రెండో ప్రపంచ యుద్ధం ఆయన్ను ఎనియాక్ కంప్యూటర్ దగ్గరికి చేర్చింది. 1946లో విల్లా వ్యాట్‌తో కలిసి దానిమీద ఒక గణన పద్ధతిని వివరిస్తూ నివేదిక రాశారు. తర్వాత 1949లో, చిన్న ప్రోగ్రాములను కలిపి పెద్దవి కట్టడం ఎలాగో నౌకాదళ ప్రయోగశాలకు రాసిచ్చారు. యంత్రం మెమరీలో ఆదేశమూ అంకెలే, విలువా అంకెలే కాబట్టి వాటిని వేరుగా చూడాలని అందులో పట్టుబట్టారు. ఆ నివేదికలను అప్పట్లో పట్టించుకున్నవారు తక్కువ. కరీ జీవితంలో అన్యాయంగా మరుగునపడిన భాగం ఇదే.

యంత్రానికి ఆ తేడా ఇప్పటికీ తెలియదు. కరీ పేరు పెట్టుకున్న హాస్కెల్ భాషలో టైపుల పొంతన కుదరకపోతే కంపైలర్ ప్రోగ్రామును ముందుకు పోనివ్వదు. కానీ ప్రోగ్రాం నడుస్తుండగా బయటి లైబ్రరీని, అంటే విండోస్‌లో డీఎల్ఎల్‌నో లినక్స్‌లో ఎస్ఓ ఫైలునో తెచ్చుకుని, అందులోని ఫంక్షన్‌ను పిలవాల్సి వస్తే? లినక్స్‌లో పేరు ఇచ్చి అడిగితే డీఎల్‌సిమ్ తిరిగి ఇచ్చేది ఒక చిరునామా మాత్రమే. సీలో రాసిన ఫంక్షన్ ఏం తీసుకుంటుందో, ఏమిస్తుందో అందులో ఉండదు. హాస్కెల్‌లో అది ఏ టైపుకైనా సరేనన్న ఫంక్షన్ పాయింటర్‌గా చేతికొస్తుంది. అసలు టైపు ఇదీ అని ప్రోగ్రామరే ఫారిన్ ఇంపోర్ట్ డైనమిక్ డిక్లరేషన్‌లో రాయాలి. కంపైలర్ ఆ మాటను నమ్ముతుంది, వేరే దారి లేదు. దశాంశ సంఖ్య కోరే ఫంక్షన్‌కు పూర్ణాంకమని రాస్తే, 64 బిట్ల ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో విలువ ఒక రిజిస్టర్‌లో పెడతాం, ఫంక్షన్ మరో రిజిస్టర్‌లో చూస్తుంది. అక్కడ దొరికిన చెత్తతోనే లెక్క కట్టేస్తుంది. తప్పు జరిగిందన్న హెచ్చరిక కూడా రాకపోవచ్చు.

కరీ 1966లో పెన్సిల్వేనియా నుంచి రిటైరై, 1970 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో పనిచేశారు. తర్కంలోని నిరూపణలకూ టైపులకూ ఉన్న పోలికను ఆయన 1934లోనే గమనించారు. విలియం హోవర్డ్ 1969లో దాన్ని విస్తరించి రాసిన ప్రతి, కరీ గౌరవార్థం 1980లో వెలువడిన సంపుటిలో అచ్చయింది. రెండేళ్లకు, 1982 సెప్టెంబరు 1న ఆయన కన్నుమూశారు.

భాషకు ఆ పేరు పెట్టాలని 1988లో అనుకున్నప్పుడు, రూపకర్తలు ఆయన భార్య వర్జీనియాను అనుమతి అడిగారు. వారిలో ఒకరైన పాల్ హుడాక్ తర్వాత పెన్ స్టేట్‌లో ఆ భాష గురించి ప్రసంగిస్తే ఆమె వచ్చి విన్నారు. ఒక్క ముక్కా అర్థం కాకపోయినా, వెళ్తూ వెళ్తూ తన భర్తకు హాస్కెల్ అనే పేరు ఎప్పుడూ నచ్చలేదని ఆయనతో అన్నారు.