బాలుర నేస్తం విలియం స్మిత్

బడి మైదానంలో స్కౌటు దుస్తులు ధరించి వరుసగా నిలబడిన బాలబాలికలను మీరు చూసే ఉంటారు. స్కౌటు ఉద్యమం పుట్టడానికి ఇరవై ఏళ్లకు పైగా ముందే, దైవభక్తికి క్రమశిక్షణను, ఆటలను, ఆరుబయటి జీవితాన్ని జోడించి బాలురను తీర్చిదిద్దిన మహనీయుడు విలియం అలెగ్జాండర్ స్మిత్.

స్మిత్ 1854 అక్టోబరు 27న స్కాట్లాండు ఉత్తర తీరంలోని థర్సో పట్టణ సమీపంలో జన్మించాడు. పదమూడేళ్ల ప్రాయంలో తండ్రిని కోల్పోయాడు. తరువాత గ్లాస్గో నగరంలోని మేనమామ వద్దకు చేరి, ఆయన వ్యాపారంలో పని నేర్చుకున్నాడు. యువకుడయ్యాక స్వచ్ఛంద సైనికదళంలో చేరాడు. ఆదివారాలలో చర్చివారి బడిలో పిల్లలకు బైబిలు బోధించేవాడు.

ఆ రోజుల్లో గ్లాస్గో ఓడల నిర్మాణానికి, కర్మాగారాలకు పేరుపొందిన నగరం. పేదల పిల్లలు పదమూడేళ్లు నిండగానే పనిలో చేరేవారు. పెద్దవారమైపోయామన్న భావంతో ఆదివారపు బడి మానుకునేవారు. వచ్చినవారు అల్లరి చేసేవారు. స్మిత్ వారిని నిందించలేదు. సైనికదళంలో చెప్పిన మాట వినే యువకులు ఇక్కడ ఎందుకు వినరని ఆలోచించాడు. లోపం బాలురలో లేదనీ, వారి ఉత్సాహానికి తగిన పని చూపకపోవడంలోనే ఉందనీ గ్రహించాడు.

1883 అక్టోబరు 4న ఇద్దరు మిత్రుల సహాయంతో ఆయన 'బాయ్స్ బ్రిగేడ్' సంస్థను స్థాపించాడు. మొదటిరోజు 59 మంది బాలురు వచ్చారు. సమయపాలన విషయంలో నియమాలు కఠినంగా ఉండేవి. అందువల్ల కొందరు తప్పుకున్నారు. నిలిచినవారికి మాత్రం ఆ నియమాలే గర్వకారణమయ్యాయి. పేదలు ఖరీదైన దుస్తులు కొనలేరు కనుక, మామూలు బట్టలపైనే టోపీ, బెల్టు, భుజానికి సంచి ధరిస్తే చాలన్నారు. కసరత్తు, ఆటలు, ప్రార్థన, బైబిలు పఠనం వారి కార్యక్రమాలు. చురుకైన బాలురకే చిన్న దళాల నాయకత్వం అప్పగించేవారు. సంస్థకు గుర్తు లంగరు. అలలు ఎగసినా పడవను లంగరు నిలిపినట్లు, విశ్వాసం మనిషిని నిలుపుతుందని దాని భావం.

ఏటా జూలైలో గ్లాస్గో కర్మాగారాలకు సెలవులు వచ్చేవి. ఆ రోజుల్లో బాలురు వీధుల్లో తిరిగి చెడు సావాసాల పాలవుతారని స్మిత్ బెంగపడ్డాడు. 1886లో వారిని సముద్రతీరంలోని టినబ్రూయిక్ గ్రామానికి శిబిరానికి తీసుకువెళ్లాడు. ఇల్లు విడిచి బాలురు అలా కలిసి గడపడం అప్పటికి కొత్త సంగతి. పొగ కమ్మిన నగరంలో పెరిగిన పిల్లలకు కొండగాలి, సముద్రస్నానం కొత్త లోకాన్ని చూపించాయి. నాటినుంచి శిబిరం ఏటేటా ఆనవాయితీ అయింది.

1904లో గ్లాస్గోలో జరిగిన బ్రిగేడ్ కవాతును సైనికాధికారి బేడెన్ పవెల్ తిలకించాడు. సైనికుల కోసం ఆయన రాసిన గ్రంథాన్ని బాలురకు తగినట్లు మార్చి రాయవలసిందిగా స్మిత్ ఆయనను ప్రోత్సహించాడు. 1907లో బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పవెల్ జరిపిన ప్రయోగ శిబిరంలో బ్రిగేడ్ బాలురు కూడా పాల్గొన్నారు. మరుసటి ఏడాది వెలువడిన ఆయన పుస్తకంతో స్కౌటు ఉద్యమం దేశదేశాలకు వ్యాపించింది.

1909లో స్మిత్‌కు 'సర్' బిరుదు లభించింది. 1914 మే 10న లండనులో ఆయన కన్నుమూశాడు.

అల్లరి పిల్లలని అందరూ విసుగుకొన్నవారిలోనే రేపటి నాయకులను చూశాడు స్మిత్. నమ్మి బాధ్యత అప్పగిస్తే బాలురు దానిని నిలబెట్టుకుంటారని ఆయన జీవితం చాటుతున్నది.