ఉదయ్ శంకర్

ఉదయ్ శంకర్ (డిసెంబరు 8, 1900 - సెప్టెంబరు 26, 1977) సుప్రసిద్ధ భారతీయ నర్తకుడు, నృత్య దర్శకుడు. భారతీయ నృత్య రీతులను, పురాణ గాథలను పాశ్చాత్య రంగస్థల పద్ధతులతో మేళవించి ఒక నూతన నృత్య శైలిని రూపొందించాడు. ఆధునిక భారతీయ నృత్యానికి ఆద్యుడిగా ఆయనను పరిగణిస్తారు. 1930వ దశకంలో ఐరోపా, అమెరికా ఖండాలలో తన బృందంతో విస్తృతంగా పర్యటించి, భారతీయ నృత్య సంగీతాలను అక్కడి ప్రేక్షకులకు పరిచయం చేశాడు. నృత్యమే ప్రధాన వస్తువుగా 1948లో ఆయన నిర్మించిన కల్పన అనే హిందీ చిత్రం భారతీయ చలనచిత్ర చరిత్రలో విశిష్టమైనది. ప్రఖ్యాత సితార్ విద్వాంసుడు పండిట్ రవిశంకర్ ఈయనకు కనిష్ఠ సోదరుడు.

బాల్యం, విద్యాభ్యాసం

ఉదయ్ శంకర్ రాజస్థాన్‌లోని ఉదయపూర్‌లో ఒక బెంగాలీ కుటుంబంలో జన్మించాడు. పుట్టిన ఊరి పేరు మీదుగానే ఆయనకు ఉదయ్ అని పేరు పెట్టారు. వీరి పూర్వీకులది ప్రస్తుతం బంగ్లాదేశ్‌లో ఉన్న నడైల్ ప్రాంతం. తండ్రి శ్యామ్ శంకర్ చౌధురి సంస్కృత పండితుడు, న్యాయవాది. ఆయన ఝాలావాడ్ సంస్థానంలో ఉన్నతోద్యోగం చేశాడు. తల్లి హేమాంగినీ దేవి. ఆమె పుట్టిల్లు ఘాజీపూర్ సమీపంలోని నస్రత్‌పూర్ గ్రామం.

తండ్రి ఉద్యోగరీత్యా తరచు దూరంగా ఉండడం వలన ఉదయ్ శంకర్ బాల్యం అధికభాగం నస్రత్‌పూర్‌లోనే గడిచింది. ఆ గ్రామంలో చర్మకార వృత్తికి చెందిన ఒక వ్యక్తి చేసే జానపద నృత్యం ఆ బాలుని మనసులో బలంగా నాటుకుంది. ఝాలావాడ్‌లో చూసిన దేవాలయ ఉత్సవాలు, ఆస్థాన నృత్యాలు కూడా ఆయనను ఆకర్షించాయి. అయితే అప్పట్లో ఆయన ఆసక్తి ప్రధానంగా చిత్రలేఖనం మీదనే ఉండేది. 1918లో బొంబాయిలోని జె.జె. కళాశాలలో చేరి చిత్రకళ అభ్యసించాడు. 1920లో తండ్రి వద్దకు లండన్ వెళ్ళి, రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ప్రవేశించాడు. అక్కడి అధ్యక్షుడు విలియం రోథెన్‌స్టీన్ భారతీయ కళల పట్ల గౌరవం కలవాడు. పాశ్చాత్య పద్ధతులను అనుకరించడం కన్నా స్వదేశీ చిత్ర, శిల్ప సంపదను అధ్యయనం చేయడం మేలని ఆయన తన శిష్యుడిని ప్రోత్సహించాడు. బ్రిటిష్ మ్యూజియంలోని భారతీయ శిల్పాలు, చిత్రాలు ఉదయ్ శంకర్‌కు ఒక విధంగా తొలి నృత్య పాఠాలైనాయి.

అన్నా పావ్లోవాతో పరిచయం

లండన్‌లో తండ్రి ఏర్పాటు చేసిన కొన్ని ప్రదర్శనలలో ఉదయ్ శంకర్ నృత్యం చేశాడు. ఆ కాలంలోనే రష్యాకు చెందిన విఖ్యాత బ్యాలే నర్తకి అన్నా పావ్లోవా భారతదేశం, జపాన్ మొదలైన దేశాలలో పర్యటించి వచ్చి, ప్రాచ్య ఇతివృత్తాలతో ఒక ప్రదర్శన రూపొందించాలని సంకల్పించింది. అందుకు తగిన భారతీయ కళాకారుని కోసం అన్వేషిస్తున్న ఆమెకు ఉదయ్ శంకర్ పరిచయమయ్యాడు. ఆయన ఆమె కోసం హిందూ వివాహం, రాధాకృష్ణులు అనే రెండు అంశాలను సమకూర్చాడు. ఇవి 1923 సెప్టెంబరులో లండన్‌లోని కోవెంట్ గార్డెన్ రాయల్ ఒపేరా హౌస్‌లో ప్రదర్శితమైనాయి. రాధగా పావ్లోవా, కృష్ణునిగా ఉదయ్ శంకర్ నర్తించారు. అటుపిమ్మట ఆమె బృందంతో కలిసి ఆయన 1923-24లో అమెరికాలో పర్యటించాడు.

ఈ పరిచయం ఆయన జీవితాన్ని చిత్రకళ నుండి నృత్యం వైపు మళ్ళించింది. పావ్లోవా వద్ద బ్యాలే నేర్చుకోవాలని ఆయన కోరుకున్నప్పటికీ, ఆమె అందుకు అంగీకరించక, తన దేశపు నృత్య సంప్రదాయంలోనే మార్గం వెతుక్కోమని సలహా ఇచ్చింది. బ్యాలే అడుగులు ఆయనకు అబ్బలేదు గాని, రంగస్థలాన్ని వినియోగించే తీరు, దీపకాంతి, వేషధారణ, సమయపాలన, బృంద నిర్వహణ వంటి విషయాలను ఆమె బృందంలో పనిచేస్తూ గ్రహించాడు. తరువాతి కాలంలో ఆయన ప్రదర్శనలకు వచ్చిన పేరులో ఈ క్రమశిక్షణకు గొప్ప పాత్ర ఉంది.

పారిస్ జీవితం, సొంత బృందం

పావ్లోవా బృందాన్ని వీడిన తరువాత ఉదయ్ శంకర్ కొన్నేళ్ళు ఆర్థికంగా ఇబ్బందులు పడ్డాడు. పారిస్ నగరంలో నివాసముంటూ క్యాబరేలలో, చిన్న నాటకశాలలలో నృత్యం చేసి జీవనం సాగించాడు. ఇక్కడే సిమోన్ బార్బియే అనే ఫ్రెంచి యువతి ఆయనకు శిష్యురాలైంది. సిమ్కీ అనే పేరుతో ప్రసిద్ధి చెందిన ఆమె, తరువాత చాలా సంవత్సరాల పాటు ఆయనకు ప్రధాన సహనర్తకిగా కొనసాగింది.

స్విట్జర్లాండ్‌కు చెందిన శిల్పి ఆలిస్ బోనర్ ఆయన నృత్యం చూసి ముగ్ధురాలై, ఆర్థిక సహాయం చేయడానికి ముందుకు వచ్చింది. 1930లో వీరిరువురూ భారతదేశంలో పర్యటించి దేవాలయ శిల్పాలను, వివిధ ప్రాంతాల నృత్యాలను పరిశీలించారు. వాద్యాలను, వేషభూషణాలను సేకరించారు. సోదరులు, బంధువులు, సంగీత విద్వాంసులతో కూడిన ఒక బృందాన్ని సమకూర్చుకుని తిరిగి పారిస్ చేరుకున్నారు. అప్పటికి పదేళ్ళ బాలుడైన రవిశంకర్ కూడా ఈ బృందంలో ఉన్నాడు. సంగీత బాధ్యతలు తిమిర్ బరన్, విష్ణుదాస్ శిరాలీ నిర్వహించారు.

1931 మార్చి 3న పారిస్‌లోని షాంజెలిజే నాటకశాలలో ఈ బృందం తొలి ప్రదర్శన జరిగింది. దానికి లభించిన ఆదరణతో ఐరోపా దేశాలన్నిటి నుండి ఆహ్వానాలు వచ్చాయి. 1932 చివర సోల్ హ్యూరోక్ అనే ప్రసిద్ధ నిర్వాహకుని ద్వారా బృందం అమెరికా చేరుకుంది. భారతీయ వాద్యాలను మాత్రమే ఉపయోగించడం, వాద్యకారులు వేదికపైనే ప్రేక్షకులకు కనిపించేలా కూర్చోవడం ఈ ప్రదర్శనల ప్రత్యేకత. తాండవ నృత్యం, ఇంద్ర, గంధర్వ, కార్తికేయ మొదలైనవి పేరుపొందిన అంశాలు. 1935-36 పర్యటనలో మైహర్ సంస్థాన విద్వాంసుడు ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖాన్ బృందంతో కలిశాడు. రవిశంకర్ నృత్యాన్ని వదలి సితార్ సాధనకు పూనుకోవడానికి ఈ సాహచర్యమే కారణమైంది.

శైలి, విమర్శలు

ఉదయ్ శంకర్ తొలినాళ్ళలో ఏ గురువు వద్దా శాస్త్రీయ నృత్యాన్ని క్రమబద్ధంగా అభ్యసించలేదు. శిల్పాలలోని భంగిమలను, చిన్ననాట చూసిన జానపద రీతులను ఆధారం చేసుకుని తన ఊహతో నృత్యాన్ని కూర్చుకున్నాడు. ఆ తరువాత కేరళకు చెందిన శంకరన్ నంబూద్రి వద్ద కథాకళి నేర్చుకున్నాడు. శంకరన్ నంబూద్రిని ఆయన తన గురువుగా గౌరవించేవాడు.

ఈ కారణంగా ఆయన కళ మీద మొదటినుండి రెండు విధాల అభిప్రాయాలు ఉన్నాయి. దక్షిణాదిన దేవదాసీల నృత్యం భరతనాట్యంగా పునరుద్ధరణ పొందుతూ, శాస్త్ర ప్రామాణ్యం కోసం తీవ్రమైన చర్చ సాగుతున్న కాలమది. అటువంటి సమయంలో ఒక సంప్రదాయానికి కట్టుబడని నృత్యాన్ని భారతీయ నృత్యంగా విదేశీయులకు చూపడం సరికాదని కొందరు పండితులు భావించారు. పాశ్చాత్యుల అభిరుచికి తగినట్లుగా కళను కుదించాడనే విమర్శ కూడా వచ్చింది. సంప్రదాయాన్ని అనుకరించడం కన్నా దాని స్ఫూర్తితో కొత్తది సృష్టించడమే కళాకారుని ధర్మమని ఆయన అభిమానులు వాదించారు. ఉదయ్ శంకర్ తన నృత్యం ప్రాచీన శాస్త్రీయ రీతి అని ఎన్నడూ చెప్పుకోలేదు. పైగా తన సంస్థలో శాస్త్రీయ నృత్యాలను ఆయా గురువుల చేతనే బోధింపజేశాడు. ఆయన పర్యటనల వలన దేశంలోని విద్యావంతులలోనూ నృత్యం పట్ల ఉన్న చిన్నచూపు కొంత తగ్గిందని చరిత్రకారులు అంగీకరిస్తారు.

ఆల్మోరా కేంద్రం

ఇంగ్లండులోని డార్టింగ్టన్ హాల్‌లో లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ దంపతులు నడిపిన కళా, విద్యా ప్రయోగాలు ఉదయ్ శంకర్‌ను ఆకట్టుకున్నాయి. ఎల్మ్‌హర్స్ట్ అంతకుముందు శ్రీనికేతన్‌లో రవీంద్రనాథ్ ఠాగూర్‌తో కలిసి పనిచేసిన వ్యక్తి. ఆ దంపతులు, వారి మిత్రుల ఆర్థిక సహాయంతో ఉదయ్ శంకర్ 1930వ దశకం చివరలో హిమాలయ ప్రాంతంలోని ఆల్మోరా సమీపాన సింతోలా వద్ద ఇండియా కల్చర్ సెంటర్‌ను స్థాపించాడు.

ఈ సంస్థలో కథాకళికి శంకరన్ నంబూద్రి, భరతనాట్యానికి కందప్ప పిళ్ళై, మణిపురికి అమోబీ సింగ్, సంగీతానికి అల్లావుద్దీన్ ఖాన్ ఆచార్యులుగా ఉండేవారు. వీటితో పాటు ఉదయ్ శంకర్ స్వయంగా నిర్వహించే తరగతి అక్కడి విద్యకు కేంద్రంగా ఉండేది. అందులో విద్యార్థులు నడక, నిలకడ వంటి ప్రాథమిక విషయాల నుండి మొదలుపెట్టి, చుట్టూ కనిపించే మనుషులను, పనులను గమనించి, అప్పటికప్పుడు నృత్యంగా మలచడం అభ్యసించేవారు. గురువు చేసి చూపినదాన్ని శిష్యుడు యథాతథంగా గ్రహించే సంప్రదాయ విద్యకు ఇది భిన్నమైనది. మనిషికి, యంత్రానికి నడుమ సంఘర్షణను చిత్రించిన శ్రమ - యంత్రం, జీవన లయ అనే నృత్యరూపకాలు ఆ కాలపు రచనలలో ముఖ్యమైనవి. స్థానిక ప్రజల కోసం తెరపై నీడలతో రామలీలను కూడా ప్రదర్శించారు.

నటి జొహ్రా సెహగల్, చలనచిత్ర దర్శకుడు గురుదత్, నృత్య దర్శకులు శాంతి బర్ధన్, నరేంద్ర శర్మ, సచిన్ శంకర్ మొదలైనవారు ఈ సంస్థలో పనిచేసినవారు లేదా చదివినవారు. 1941లో రవిశంకర్, అల్లావుద్దీన్ ఖాన్ కుమార్తె అన్నపూర్ణాదేవిల వివాహం ఆల్మోరాలోనే జరిగింది.

రెండవ ప్రపంచ యుద్ధం వలన విదేశీ నిధులు, పర్యటనల ఆదాయం తగ్గిపోయాయి. సంస్థలో అంతర్గతంగా భేదాభిప్రాయాలు కూడా తలెత్తాయి. ఫలితంగా 1944లో కేంద్రం మూతపడింది. కొద్ది సంవత్సరాలే నడిచినప్పటికీ అక్కడి విద్యార్థుల ద్వారా దాని ప్రభావం దేశమంతటా వ్యాపించింది. శాంతి బర్ధన్ భారతీయ ప్రజా నాట్య సంఘం కేంద్ర దళంలో నృత్య దర్శకుడిగా పనిచేసి, 1952లో బొంబాయిలో లిటిల్ బ్యాలే ట్రూప్‌ను నెలకొల్పాడు. ఆంధ్రదేశంలో ప్రజానాట్యమండలిగా వికసించినది ఆ సంఘపు ఉద్యమమే.

కల్పన చిత్రం

ఆల్మోరా కేంద్రం మూతపడిన తరువాత ఉదయ్ శంకర్ తన ఆశయాలను, తాను రూపొందించిన నృత్యాలను చలనచిత్రంగా భద్రపరచాలని నిశ్చయించాడు. మద్రాసులోని జెమినీ స్టూడియోలో కల్పన చిత్రం నిర్మాణం జరిగింది. కథ, నిర్మాణం, దర్శకత్వం ఆయనవే. సంభాషణలు అమృత్‌లాల్ నాగర్, పాటలు సుమిత్రానందన్ పంత్ రచించగా, విష్ణుదాస్ శిరాలీ సంగీతాన్ని, కె. రామ్‌నాథ్ ఛాయాగ్రహణాన్ని నిర్వహించారు. కథానాయకుడు ఉదయన్‌గా ఉదయ్ శంకర్, ఉమగా ఆయన భార్య అమలా శంకర్ నటించారు. తరువాతి కాలంలో తెలుగువారికి కూడా సుపరిచితురాలైన నటి పద్మిని తొలిసారిగా తెరపై కనిపించిన చిత్రాలలో ఇది ఒకటి.

ఒక రచయిత తన కథను నిర్మాతకు వినిపించడంతో చిత్రం ప్రారంభమవుతుంది. పర్వత ప్రాంతంలో కళాకేంద్రం స్థాపించాలని ఒక యువ నర్తకుడు చేసే ప్రయత్నమే ఆ కథ. చివరకు నిర్మాత, లాభం రాదని దానిని తిరస్కరిస్తాడు. ఆల్మోరా అనుభవాలు, వ్యాపార దృష్టి గల చలనచిత్ర రంగంపై అధిక్షేపం, ప్రాంతీయ దురభిమానంపై విమర్శ ఇందులో స్పష్టంగా కనిపిస్తాయి. వేదిక మీద సాధ్యంకాని వెలుగునీడలను, కెమెరా కోణాలను, ఒక దృశ్యంపై మరొక దృశ్యాన్ని నిలిపే పద్ధతిని ఆయన నృత్యంలో భాగంగా ఉపయోగించాడు.

1948లో విడుదలైన ఈ చిత్రం విమర్శకుల ప్రశంసలు పొందినా, వ్యాపారపరంగా విజయం సాధించలేదు. కథలోని నిర్మాత భయమే నిజమైనట్లయింది. ఆ తరువాత ఆయన మరొక చలనచిత్రాన్ని నిర్మించలేదు. అయినప్పటికీ ఆయన నృత్యానికి నేడు లభించే ప్రధాన ఆధారం ఈ చిత్రమే. మార్టిన్ స్కార్సెసీ స్థాపించిన వరల్డ్ సినిమా ఫౌండేషన్ దీనిని పునరుద్ధరించగా, 2012లో కేన్స్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించారు. అప్పటికి తొంబై ఏళ్ళు దాటిన అమలా శంకర్ ఆ ప్రదర్శనకు హాజరైంది.

చివరి దశ

1960వ దశకంలో ఉదయ్ శంకర్ కలకత్తాలో స్థిరపడ్డాడు. ఠాగూర్ శతజయంతి సందర్భంగా 1961లో ఆయన కవిత ఆధారంగా సామాన్య క్షతి అనే నృత్యరూపకాన్ని రూపొందించాడు. దీనికి రవిశంకర్ సంగీతం సమకూర్చాడు. బుద్ధుని జీవితాన్ని ఛాయారూపకంగా ప్రదర్శించాడు. 1965లో కలకత్తాలో నృత్య శిక్షణ కేంద్రం ప్రారంభమైంది. 1970వ దశకం ప్రారంభంలో శంకర్‌స్కోప్ అనే ప్రయోగం చేశాడు. ఇందులో తెరపై కనిపించే నటులు, వేదికపై ఉన్న నటులు కలిసిపోయి, తెరలోనివారు బయటకు నడిచివచ్చినట్లు భ్రాంతి కలుగుతుంది. బ్యాలే, నాటకం, చలనచిత్రం ఒకే వేదికపై కలవాలన్న ఆయన కోరికకు ఇది చివరి రూపం. 1977 సెప్టెంబరు 26న కలకత్తాలో ఆయన మరణించాడు.

కుటుంబం

1931లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనకు తండ్రితో వచ్చిన అమలా నంది అనే బాలిక ఉదయ్ శంకర్ కుటుంబానికి పరిచయమై, బృందంలో చేరింది. 1942లో వీరి వివాహం జరిగింది. ఆమె ఆయన శైలిని కలకత్తాలో దశాబ్దాల పాటు బోధించి, 2020 జూలై 24న 101 సంవత్సరాల వయసులో మరణించింది. కుమారుడు ఆనంద శంకర్ (1942-1999) సంగీత దర్శకుడు. కుమార్తె మమతా శంకర్ నర్తకి, మృణాల్ సేన్ దర్శకత్వం వహించిన మృగయా చిత్రం ద్వారా ప్రసిద్ధి చెందిన నటి.

పురస్కారాలు

1960 - సంగీత నాటక అకాడమీ పురస్కారం
1962 - సంగీత నాటక అకాడమీ ఫెలోషిప్
1971 - పద్మ విభూషణ్
1975 - విశ్వభారతి విశ్వవిద్యాలయం వారి దేశికోత్తమ