ఆ చీటీ చదివిన నాన్న

గాంధీజీ అనగానే మీకు బోసినవ్వు తాతే గుర్తొస్తారు కదా! ఆయన టీనేజీ రోజులు మాత్రం అంత సాఫీగా సాగలేదు.

1869లో పోర్‌బందర్‌లో పుట్టి రాజ్‌కోట్‌లో చదువుకున్న మోహన్‌దాస్‌కు బిడియం ఎక్కువ. బడి వదలగానే ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి పరుగెత్తేవాడు. 12, 13 ఏళ్లకే ఒక బంధువుతో కలిసి చాటుగా పొగ తాగాడు, అందుకోసం నౌకరు చిల్లర కాజేశాడు. ప్రతిదానికీ పెద్దల అనుమతి కావాలన్న ఉక్రోషంతో ఇద్దరూ చనిపోదామనుకుని గుడి దాకా వెళ్లారు, భయమేసి ఆగారు. (మీ పిల్లల మాటల్లో అలాంటి ఆలోచన వినిపిస్తే ఆలస్యం చేయకండి. టెలిమానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు.)

15 ఏళ్లప్పుడు అన్నయ్యకు ఉన్న సుమారు 25 రూపాయల అప్పు తీర్చడానికి, ఆ అన్నయ్య బంగారు దండకడియంలోంచే చిన్న ముక్క దొంగిలించాడు. అప్పు తీరింది, మనసు ఊరుకోలేదు. తండ్రి కరంచంద్ దివాన్‌గా చేసిన మనిషి, కోపిష్టి. అయినా కొడుకు భయపడింది దెబ్బలకు కాదు, నాన్న ఎంత బాధపడతారోనని. నోరు పెగలక చీటీ రాసిచ్చాడు. శిక్ష వేయమని తానే అడిగాడు.

జబ్బుతో చెక్కబల్ల మీద పడుకున్న తండ్రి లేచి కూర్చుని చదివారు. కన్నీళ్లకు కాగితం తడిసింది. కాసేపు కళ్లు మూసుకుని, చీటీ చించేసి మళ్లీ పడుకున్నారు.

కొడుకు ఒప్పుకోవడం కన్నా, శిక్ష అడిగినా తండ్రి ఆగడమే నాకు గొప్పగా తోస్తుంది. 1885లో కరంచంద్ కన్నుమూశారు. నలభై ఏళ్ల తర్వాత ఆత్మకథ రాసేటప్పుడు కూడా ఆ కన్నీళ్లు గాంధీజీ కళ్లముందే ఉన్నాయి.