మాటా బతుకూ ఒక్కటైన మనిషి: దీనబంధు ఆండ్రూస్

మన గూడేల్లో మాటే పత్రం. అప్పు ఇచ్చిపుచ్చుకున్నా, సంబంధం కలుపుకున్నా, పోడు సరిహద్దు తేల్చుకున్నా పెద్దల ముందు అనుకున్న మాట చాలు. మన జాతులు మోసపోయిన కథలన్నీ కాగితం వచ్చిన తరువాత మొదలయ్యాయి. చదవలేని కాగితం మీద వేలిముద్ర వేయించుకుని భూమిని తీసుకున్నారు, మనిషిని కూడా తీసుకున్నారు. అలా వేలిముద్ర వేసి ఓడలెక్కినవారి కోసం, తేయాకు తోటల పాలైనవారి కోసం తన జీవితమంతా తిరిగిన ఒక పరదేశి గురించి ఈ సంచికలో చెప్పుకుందామని అనుకున్నాం. ఆయన పేరు చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్. దేశం ఆయనను దీనబంధు అని పిలుచుకుంది.

మా సంఘంలో చర్చికి వెళ్లేవారున్నారు, కొండదేవతకు పండుగ చేసేవారూ ఉన్నారు. ఆండ్రూస్ క్రైస్తవుడు, అది కూడా పూర్తి విశ్వాసంతో జీవించిన క్రైస్తవుడు. ఆయనను మేము గుర్తు చేసుకోవడానికి కారణం ఆయన మతం ఒక్కటే కాదు. నమ్మినదానికీ బతికినదానికీ మధ్య తేడా కనబడిన ప్రతిసారీ, ఎంత నష్టమైనా ఓర్చుకుని ఆ తేడాను చెరిపేసుకున్నాడు. అందుకే ఆయన కథ ఏ దేవుణ్ణి మొక్కే ఇంట్లోనైనా చెప్పుకోదగినది.

ఆయన 1871 ఫిబ్రవరి 12న ఇంగ్లాండులోని న్యూకాజిల్‌లో పుట్టాడు. పెరిగింది బర్మింగ్‌హామ్‌లో. తండ్రి ఒక చిన్న క్రైస్తవ శాఖలో బోధకుడు. ఇంట్లో 14 మంది పిల్లలు. చార్లెస్ చిన్నతనంలోనే ఆ ఇంటికి పెద్ద దెబ్బ తగిలింది. తల్లి తెచ్చిన ఆస్తిని తండ్రి ఒక స్నేహితుడి చేతిలో పెట్టాడు, ఆ స్నేహితుడు దాన్నంతా సట్టాలో పోగొట్టాడు. తండ్రి కోర్టుకు వెళ్లలేదు. ఆ రోజు కుటుంబ ప్రార్థనలో, తమను ముంచినవాడి కోసమే దేవుణ్ణి వేడుకున్నాడు. ఆ తరువాత ఇల్లు పేదరికంలో గడిచినా, పిల్లవాడి మనసులో ఆ ప్రార్థన నిలిచిపోయింది. నమ్మకం అంటే ఆదివారం చెప్పి సోమవారం మరిచిపోయేది కాదని ఆయన నేర్చుకున్నది అక్కడే.

కేంబ్రిడ్జిలో చదువుకునే రోజుల్లో తండ్రి శాఖ బోధనలు తన మనసుకు సరిపడడం లేదని ఆయనకు తెలిసింది. తండ్రిని అమితంగా ప్రేమించేవాడు. అయినా పైకి ఒకటి, లోపల ఒకటి ఉంచుకోలేక ఆ శాఖను విడిచి ఇంగ్లాండు చర్చిలో చేరాడు. పెట్టుబడిదారులకూ కూలీలకూ మధ్య జరిగే పోరాటంలో క్రైస్తవం ఎటు నిలబడాలనే విషయం మీద రాసిన వ్యాసానికి బహుమతి వచ్చింది. వ్యాసంతో ఊరుకోకుండా ఓడలు కట్టే కార్మికుల పేటలోనూ, తరువాత దక్షిణ లండన్ మురికివాడలోనూ కాపురం పెట్టాడు. 1897లో గురువుగా అభిషేకం పొందాడు.

1904 మార్చి 20న భారతదేశం చేరి, ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో అధ్యాపకుడయ్యాడు. ఆ తేదీని తన రెండో పుట్టినరోజుగా జీవితాంతం తలచుకునేవాడు. 1906లో ఆ కాలేజీకి కొత్త ప్రిన్సిపాల్ కావలసి వచ్చింది. ఇంగ్లీషువాడే ఉండాలని కొందరు పట్టుబట్టారు. ఆ కుర్చీ ఆండ్రూస్‌కే దక్కేది. కానీ ఆయన తనకంటే అనుభవమున్న సుశీల్ కుమార్ రుద్ర ఉండగా తాను కూర్చోవడం అన్యాయమన్నాడు. క్రీస్తులో అందరూ సమానమని పాఠం చెప్పి, రంగు చూసి పదవి ఇవ్వడం కుదరదన్నాడు. రుద్ర ఆ కాలేజీకి తొలి భారతీయ ప్రిన్సిపాల్ అయ్యాడు. ఆయన కింద ఆండ్రూస్ సంతోషంగా పనిచేశాడు.

1913 చివర దక్షిణాఫ్రికాలో భారతీయ కూలీలు సమ్మెకు దిగారు. ఒప్పందం ముగిసినా అక్కడే ఉండిపోయినవారి మీద ఏటా 3 పౌండ్ల పన్ను వేయడం వారి కష్టాల్లో ఒకటి. ఆ కూలీల్లో మద్రాసు రేవు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు, విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాలవాళ్లు చాలామంది ఉన్నారు. వారి కోసం గోఖలే చందాలు పోగుచేస్తుంటే ఆండ్రూస్ తాను దాచుకున్న సొమ్మంతా తెచ్చి ఇచ్చేశాడు. తరువాత తానే మిత్రుడు పియర్సన్‌తో కలిసి ఓడ ఎక్కాడు.

1914 జనవరి మొదట్లో డర్బన్ రేవులో దిగి గాంధీ ఎవరని అడిగాడు. ముతక బట్టలతో, గుండుతో నిలబడి ఉన్న మనిషిని చూపించారు. ఆండ్రూస్ వంగి ఆయన పాదాలు తాకాడు. అక్కడి తెల్లవాళ్ల పత్రికలు మండిపడ్డాయి. ఆండ్రూస్ దానికి సిగ్గుపడలేదు. గాంధీకీ జనరల్ స్మట్స్‌కూ మధ్య రాజీ కుదిర్చేందుకు తిరుగుతున్న ఆ రోజుల్లోనే ఇంగ్లాండులో ఆయన తల్లి కన్నుమూసింది. కడసారి చూపు దక్కలేదు. అదే ఏడాది 3 పౌండ్ల పన్ను రద్దయింది.

ఆ ఏడాదే మరో పెద్ద పరీక్ష ఎదురైంది. ఇంగ్లాండు చర్చి ఆరాధనలో చదివే ఒక పాత విశ్వాస ప్రమాణం, ఆ విశ్వాసం పట్టనివారు నిత్య నాశనానికి పోతారని అంటుంది. ఢిల్లీలో తండ్రిలా ఆదరించిన ముస్లిం పండితుడు జకావుల్లానూ, శాంతినికేతన్‌లో ఠాగూర్‌నూ ఎరిగిన మనిషి ఆ మాట నోటితో ఎలా పలకగలడు? పలికి ఊరుకునేవారు చాలామంది ఉన్నారు. ఆండ్రూస్ ఊరుకోలేక గురువు విధులు నిర్వహించడమే మానేశాడు. క్రీస్తును విడిచిపెట్టాడని కొందరు నిందించారు. నిజానికి క్రీస్తు ముందు అబద్ధమాడకూడదనే ఆ పని చేశాడు. చాలా ఏళ్ల తరువాత, మనసు నెమ్మదించాక, మళ్లీ ఆ విధులు చేపట్టాడు.

అప్పటినుంచి శాంతినికేతన్ ఆయన ఇల్లయింది. దాని చుట్టూ సంతాల్ పల్లెలే. పియర్సన్ ఆ పల్లెల్లో సంతాల్ పిల్లలకు చదువు చెప్పేవాడు. ఆ మిత్రులిద్దరూ 1915లో ఫిజీ దీవులకు వెళ్లారు. చెరకు తోటల్లో పనికి 1879 నుంచి 1916 వరకు 60 వేలకు పైగా భారతీయులను ఆ దీవులకు తీసుకెళ్లారు. 1903 తరువాత మద్రాసు నుంచి వెళ్లిన ఓడల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. అయిదేళ్ల ఒప్పందం మీద వేలిముద్ర పడేది. అగ్రిమెంటు అన్న మాట కూలీల నోట గిర్మిట్ అయింది. పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు గదిలో ఒక కుటుంబం, లేదా ముగ్గురు మగవాళ్లు ఉండాలి. వందమంది మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లు చాలని నియమం. పనికి రాకపోతే జైలు. ఆత్మహత్యలు ఎక్కువ.

ఆ మిత్రులిద్దరూ కూలీ లైన్లలో తిరిగి చూసినదంతా నివేదికగా రాశారు. అందులో లోటు లేకపోలేదు. తోటల్లోని ఆడవాళ్ల నడవడి గురించి రాసిన కొన్ని మాటల్లో, వారి కష్టం కంటే పరువు గురించిన బాధ ఎక్కువగా కనబడుతుందని తరువాతి చరిత్రకారులు చెప్పారు. ఆ విమర్శ న్యాయమైనదే. అయినా ఆ నివేదిక దేశాన్ని కదిలించింది. 1916 మార్చిలో ఈ పద్ధతిని ఎత్తివేయడానికి వైస్రాయి ఒప్పుకున్నాడు. కానీ లోపల మరో అయిదేళ్లు సాగించాలన్న ఆలోచన ఉందని ఆండ్రూస్‌కు తెలిసింది. ఇంత జరిగాక పెద్దలతో గొడవ ఎందుకని ఆయన అనుకోలేదు. మళ్లీ ఊరూరా తిరిగి సభలు పెట్టి నిజం బయటపెట్టాడు. 1917లో కూలీల ఎగుమతి ఆగింది. ఆ ఏడాదే రెండోసారి ఫిజీ వెళ్లాడు. 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలు కూడా రద్దయ్యాయి.

మనకు ఇంకా దగ్గరి కథ అస్సాం తేయాకు తోటలది. ముండా, ఓరావ్, సంతాల్, సవర కుటుంబాలు తరాల తరబడి ఆ తోటలకు తరలిపోయాయి. ఈనాటికీ అక్కడ మన భాషలు వినబడతాయి. 1921 మేలో చర్గోలా లోయ తోటల నుంచి వేలమంది కూలీలు, చాలని కూలితో విసిగిపోయి, పిల్లాపాపలతో సొంత ఊళ్లకు బయలుదేరారు. చాంద్‌పూర్ రేవులో వారిని ఆపేశారు. మే 20 రాత్రి రైల్వే స్టేషన్‌లో నిద్రపోతున్నవారి మీదికి సైనికులను పంపి తరిమారు. తరువాత కలరా వచ్చింది. ఆండ్రూస్ అక్కడికి చేరి రోగుల మధ్యే ఉండి సేవ చేశాడు. వారిని ఇళ్లకు పంపడానికి సాయం చేయమని ప్రభుత్వాన్ని వేడుకున్నాడు. ప్రభుత్వం కాదంటే, ఆ సంగతి కూడా బహిరంగంగా రాశాడు.

సిమ్లా కొండల్లో అధికారుల సామాన్లు మోయించే వెట్టికి వ్యతిరేకంగా గొంతెత్తాడు. వెట్టి అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లోనే మన ఏజెన్సీలో రోడ్ల పనికి వెట్టి చేయించారు, రంప తిరుగుబాటుకు అదీ ఒక కారణం. అస్సాంలో నల్లమందు జనాన్ని ఎలా తినేస్తున్నదో విచారించిన కాంగ్రెస్ సంఘంతో కలిసి పనిచేశాడు. 1925లోనూ 1927లోనూ అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడిగా ఉన్నాడు.

పరాయివాళ్ల ముందు నిజం చెప్పడం కంటే స్నేహితుల ముందు నిజం చెప్పడం కష్టం. ఆండ్రూస్ అదీ చేశాడు. 1918లో గాంధీ యుద్ధానికి సైనికులను చేర్చడానికి పూనుకుంటే, అది అహింసకు తగదన్నాడు. 1921లో విదేశీ బట్టలు తగలబెడుతుంటే, ఆ మంటలో ద్వేషం ఉందని, బట్టలేని పేదలున్న దేశంలో అది తప్పని చెప్పాడు. స్నేహం మాత్రం చెడలేదు. కాంగ్రెస్ 1929లో సంపూర్ణ స్వరాజ్యం తీర్మానం చేయడానికి ఎన్నో ఏళ్ల ముందే, భారతదేశానికి పూర్తి స్వాతంత్ర్యం కావాలని రాశాడు. అందుకే తెల్లదొరల్లో చాలామందికి ఆయన జాతిద్రోహి. మనవారిలో కొందరు ఆయనను ప్రభుత్వ గూఢచారి అని కూడా అనుమానించారు. రెండు వైపుల నిందనూ మోసుకుంటూనే ఆయన తన పని సాగించాడు.

ఆయన పెళ్లి చేసుకోలేదు, ఇల్లు కట్టుకోలేదు. ఒంటి మీది కోటు కూడా అడిగినవాడికి ఇచ్చేసేవాడని చెప్పుకుంటారు. 1940 ఏప్రిల్ 5న కలకత్తాలో, శస్త్రచికిత్స తరువాత కన్నుమూశాడు. అక్కడి లోయర్ సర్క్యులర్ రోడ్డు శ్మశానంలో ఆయన సమాధి ఉంది. 1971లో, ఆయన శతజయంతి సంవత్సరంలో, భారత ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఇప్పుడు మన పిల్లలు చదువుకుంటున్నారు. వేలిముద్ర పోయి సంతకం వచ్చింది. ఉద్యోగాలు, పదవులు, కాంట్రాక్టులు మన చేతికీ వస్తున్నాయి. ఒకప్పుడు మనతో సంతకం చేయించుకున్నవాడు బయటివాడు. రేపు మన గూడెం పెద్దమ్మ ముందు కాగితం పెట్టేది మన బిడ్డే కావచ్చు. ఆ కాగితంలో ఏముందో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపిస్తాడా, లేదా అన్నదే అప్పుడు ప్రశ్న. మన తాతలు మాటను పత్రంగా నిలిపారు. సముద్రం అవతల పుట్టిన ఆండ్రూస్ కూడా అలాగే బతికాడు. ఆ బాటలో నడవాలనుకునే మన యువతీ యువకులకు ఈ నాలుగు మాటలు అందిస్తున్నాం.