ఫ్రీడెన్స్‌లో నిద్రిస్తున్న గుంటూరు మిషనరీ



పెన్సిల్వేనియా రాష్ట్రం సోమర్‌సెట్ కౌంటీలో ఫ్రీడెన్స్ అనే చిన్న ఊరుంది. ఆ జర్మన్ పేరుకు మూలం ‘సమాధానం’ అనే మాట. అక్కడి లూథరన్ సంఘపు సమాధుల తోటలో, తన భార్య మేరీ పక్కనే, మన ఫాదర్ హయ్యర్ గారు నిద్రిస్తున్నారు. గుంటూరు, పల్నాడు ప్రాంతాల లూథరన్ కుటుంబాల్లో పుట్టినవారైతే ఈ పేరు మీరు చిన్ననాడే విని ఉంటారు.

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టారు. 1807లో మేనమామ దగ్గరకు ఫిలడెల్ఫియా వచ్చారు. మనలాగే ఆయనా వలస వచ్చినవారే. 1820లో అభిషేకం పొంది, పల్లెల్లోని జర్మన్ రైతుల సంఘాలకు గుర్రం మీద తిరుగుతూ వాక్యం బోధించారు. సండే స్కూళ్లు పెట్టించారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మన పిల్లలకు తెలుగు ఆరాధన అర్థం కావడం లేదని మనం బాధపడుతున్నాం కదా! ఆ జర్మన్ తల్లిదండ్రులదీ ఇదే బాధ. పిట్స్‌బర్గ్‌లో హయ్యర్ గారు పెద్దలకు జర్మన్ సంఘాన్ని కట్టారు, 1837లో ఇంగ్లీషు సంఘాన్నీ స్థాపించారు. భాష కోసం ఎవరినీ వదులుకోలేదు.

భార్య 1839లో మరణించింది. 1842 జూలై 31న ఆయన గుంటూరు చేరారు. కలెక్టర్ హెన్రీ స్టోక్స్ ఆహ్వానించి ఆదరించారు. అప్పటికి ఆయనకు 49 ఏళ్లు. ఆ వయసులో తెలుగు నేర్చుకున్నారు. తిరిగి అమెరికా వెళ్లి, 1847లో బాల్టిమోర్‌లో వైద్య పట్టా పుచ్చుకుని మళ్లీ వచ్చారు. పల్నాడులో గురజాల కేంద్రంగా సేవ చేశారు.

1857లో మరలి వెళ్లి, మిన్నెసోటాలో వలసవారికి సంఘాలు కట్టారు. 1869లో రాజమండ్రి మిషన్ చేతులు మారబోతోందని తెలిసినప్పుడు, 76 ఏళ్ల వయసులో మూడోసారి ఓడెక్కారు. ఆ పరిచర్యను నిలబెట్టి, 1871లో తిరిగి వచ్చారు. 1873 నవంబరు 7న ఫిలడెల్ఫియాలో ప్రభువు పిలుపు అందుకున్నారు.

ప్రియులారా, వలస వచ్చిన సంఘం తనను తాను కాపాడుకుంటే చాలని ఆ పేద రైతుల కాపరి అనుకోలేదు. అందుకే మన పల్లెలకు సువార్త వచ్చింది. ఈరోజు మన సంఘం తలుపు ఎవరి కోసం తెరచి ఉంది? మన పిల్లల కోసమేనా? తెలుగు రాని పొరుగువాని కోసం కూడానా? ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఈ మాట తలంచండి.