తొందరపడని దర్శకుడు ఆంటోనియోని

మన బడి రోజుల్లో సినిమా అంటే నేల టికెట్టు, ఈలలు, ఇంటర్వెల్‌లో గోళీసోడా. అలా పెరిగిన నేను ఇంజనీరింగ్ కాలేజీ ఫిల్మ్ క్లబ్బులో ఇటలీ దర్శకుడు మైకేలాంజెలో ఆంటోనియోని తీసిన ‘లవెంతూరా’ చూడబోయి, సగంలోనే లేచి వచ్చేశాను. ఎన్నో ఏళ్ల తర్వాత ఆయన జీవితం గురించి చదివాక ఆ సినిమా మళ్లీ చూశాను. ఆ జీవితాన్నే మిత్రులకు చెప్పాలనిపించింది.

ఆంటోనియోని 1912లో ఉత్తర ఇటలీలోని ఫెరారాలో పుట్టారు. బొలోన్యా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి, పత్రికలకు సినిమా సమీక్షలు రాశారు. 1943లో పో నది మీద బతికే జనం గురించి ఒక డాక్యుమెంటరీ మొదలుపెట్టారు. యుద్ధంలో అందులో చాలా భాగం పాడైపోయింది. మిగిలింది 1947లో బయటికొచ్చింది. మొదటి కథాచిత్రం 1950లో వచ్చేనాటికి ఆయనకు 38 ఏళ్లు.

‘లవెంతూరా’ను 1960లో కాన్ చిత్రోత్సవంలో ప్రదర్శించారు. అందులో ఒకమ్మాయి దీవిలో మాయమవుతుంది. ఏమైందో చివరిదాకా తెలియదు. వెతికేవాళ్లే మెల్లగా ఆమెను మరిచిపోతారు. హాల్లో జనం గేలి చేశారు. మర్నాడు రోసెల్లినీతో సహా పలువురు సినిమావాళ్లు, విమర్శకులు ఆ చిత్రాన్ని సమర్థిస్తూ సంతకాలు పెట్టి ప్రకటన ఇచ్చారు. చివరికి అక్కడే దానికి జ్యూరీ బహుమతి వచ్చింది.

గేలి చేశారని ఆయన వేగం పెంచలేదు. 1962 నాటి ‘లెక్లిస్సే’ చివర్లో, కలుసుకుందామనుకున్న చోటికి ప్రేమికులిద్దరూ రారు. కొన్ని నిమిషాల పాటు ఆ వీధి మలుపే కనిపిస్తుంది: సగం కట్టిన ఇల్లు, పీపాలోంచి కారే నీళ్లు, బస్సు దిగే మనుషులు. ముప్పై ఏళ్లు సైట్లలోనే గడిపిన నేను కట్టుబడిలో ఉన్న ఇంటిని ఒక్కనాడూ అలా చూడలేదు. మొదటి రంగుల చిత్రం 1964లో తీశారు. తనకు కావలసిన రంగు కోసం చెట్లకూ గడ్డికీ రంగు వేయించారు. దానికి వెనిస్‌లో అత్యున్నత బహుమతి వచ్చింది. 1967లో ‘బ్లో అప్’ కాన్‌లో అత్యున్నత బహుమతి అందుకుంది.

మా బ్యాచ్ పదో తరగతి రాసిన 1985లోనే ఆయనకు పక్షవాతం వచ్చి మాట దాదాపు పడిపోయింది. అయినా విమ్ వెండర్స్ సాయంతో 1995లో మరో చిత్రం తీశారు. అదే ఏడాది గౌరవ ఆస్కార్ అందుకున్నారు. 2007 జూలై 30న రోమ్‌లో, 94 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

నేను ‘లవెంతూరా’ రెండోసారి చూసింది మా నాన్నగారికి మాట పడిపోయిన రోజుల్లో. సాయంత్రాలు ఆయన మంచం పక్కన కూర్చుని, పది నిమిషాలకే ఫోను తీసేవాణ్ని. తర్వాత ఏమవుతుందో అన్న ఆత్రం వదిలితేనే ఆ సినిమా అర్థమవుతుందని అప్పుడు తెలిసింది. నాన్నగారి దగ్గరా అంతే. ఫోను పక్కన పెట్టాక, ఆయన కిటికీ వైపు ఎందుకు చూస్తున్నారో, దుప్పటి ఎందుకు లాగుతున్నారో తెలియసాగింది. ఆయన పోయారు. ఆ సాయంత్రాలు మాత్రం నాకు దక్కాయి.

ఓపిక ఉంటే ఆ సినిమా ఒకసారి చూడండి. విసుగొస్తే తిట్టుకోండి, కానీ లేవకండి. ఈ స్వర్ణోత్సవానికి మన పెద్ద మాస్టార్లు వస్తారు. కొందరికి ఇప్పుడు మాట తగ్గింది. సెల్ఫీ దిగి వెళ్లిపోకుండా, కాసేపు వాళ్ల పక్కన ఊరికే కూర్చుందాం.